నీలం సుద్ద గీతలు

"అయిదింటికల్లా సంతకం పెట్టాలట. లేకపోతే రేపట్నించి ఈ ట్రాకు గేటు కూడా దాటనివ్వరట. నువ్వేమో గంట ఆలస్యంగా ఊడిపడ్డావు, కొలబద్దా."

"నలభై నిమిషాలు," అన్నాడు డిటెక్టివ్. "ఒంటిగంట ఇరవై అయిదుకి నీ ఫోను వచ్చింది. ఇప్పుడు రెండూ అయిదు. కోపంలో కూడా అంకె తప్పు చెప్పకు, అత్తా. నీ కేసంతా అంకెల మీదే ఉంది."

అందుకే అతన్ని కొలబద్ద అంటారు. ఇరవై రెండేళ్ళు వాహనాల తనిఖీ శాఖలో బ్రేకులు చూసే ఉద్యోగం చేశాడు. బ్రేకు పడని బస్సుకి సర్టిఫికెట్ ఇమ్మన్న పై అధికారి బల్ల మీద రాజీనామా పెట్టి బయటికొచ్చాడు. ఒక జేబులో టేపు, ఇంకో జేబులో భూతద్దం. ఆస్తి అంతే.

ఎదురుగా కూర్చున్నామె కార్ల పత్రికలో టెస్ట్ డ్రైవరు. కొత్త కారు వస్తే ముందు ఆమె నడపాలి. ఆమె రాసింది చదివి జనం కొనాలి. యాభై దాటింది. ఆ పత్రికలో హెడ్ మెకానిక్ ఆమె సొంత మేనల్లుడు, ఆమె కంటే ఎనిమిదేళ్ళే చిన్న. అతని పిలుపు పాకి ఎడిటరు నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె అత్త అయిపోయింది. ఆమె కంటే పెద్దవాడైన కొలబద్దకి కూడా అత్తే.

కూర్చున్నది ట్రాకు పక్కన టైమింగ్ గదిలో. బల్ల మీద ఒక కాగితం. కాగితంలో మూడు వాక్యాలు. ఎర్రకారు కంపెనీ టైర్లు మార్చిందని నేనన్న మాట అబద్ధం. అందుకు సిగ్గుపడుతున్నాను. ఇకమీదట కార్లను గురించి రాయను.

"మూడోది ఎవరు చేర్చారు?"

"మా ఎడిటరు. మొదటి రెండూ కంపెనీవాళ్ళవి. కోర్టుకి లాగుతామని బెదిరించేసరికి ఈయన తన వంతు కూడా కలిపాడు."

"ఉదారుడు."

"నవ్వకు. పద్ధెనిమిదేళ్ళు రాశాను. నా అంకె తప్పని ఇంతవరకు ఎవడూ అనలేదు. దీని మీద సంతకం పెడితే పాత అంకెలన్నీ కూడా అనుమానమే. పెట్టకపోతే ఉద్యోగం లేదు. ఆరింటికి పత్రిక ప్రెస్సుకి వెళ్తుంది."

"మొదట్నించీ చెప్పు. నీకు అనిపించింది కాదు, జరిగింది."

"రెండూ చెప్తాను. నాకు అనిపించడమే నా ఉద్యోగం."

కొలబద్ద కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆ జవాబు అతనికి నచ్చింది.

"రెండు స్పోర్ట్స్ కార్లు. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది. రెండిట్లో ఏది మేలో తేల్చాలి," అంది అత్త. "మొన్న రోడ్డు మీద. నూట అరవై కిలోమీటర్లు, సగం కొండదారి. పసుపుది పెద్దమనిషి. గుంటలో పడ్డా మన నడుముకి చెప్పదు. ఎర్రది వాగుడుకాయ. రోడ్డు మీద ఉన్న ప్రతి రాయినీ పరిచయం చేస్తుంది. కానీ ఆ ఇంజను, కొలబద్దా! మూడో గేర్లో పైకెక్కుతుంటే అది పెట్టే కూత! నేను కూడా దాంతోపాటు అరిచాను. పక్క సీట్లో మేనల్లుడు చెవులు మూసుకున్నాడు."

"ఇంజనుకా, నీకా?"

"వాణ్ణే అడుగు. సరే, ఎర్రదానికి ఒక రోగం ఉంది. ఇరుకు మలుపులో ముక్కు బయటికి జారుతుంది. స్టీరింగ్ తిప్పితే ఒక క్షణం ఆలోచించుకుని అప్పుడు ఒప్పుకుంటుంది. పసుపుది అలా కాదు, అడగ్గానే తిరుగుతుంది."

"నిన్న ట్రాకు మీద?"

"అదే చెప్తున్నా. నిన్న ఎర్రది ఆలోచించలేదు. మూడో మలుపులో నేనెప్పుడూ బ్రేకు వేసే చోటు దాటి ఇరవై అడుగులు లోపలికెళ్ళి వేశాను. సరిగ్గా నిలబడింది. రోడ్డుని పట్టుకునే గుణం ఒక్క పూటలో రాదు. ఇంజను అదే, సీటు అదే, స్టీరింగ్ అదే. కింద రబ్బరు మాత్రం వేరు."

"టైములు."

"పసుపుది పదకొండూ అయిదుకి వెళ్ళింది. మూడు రౌండ్లు. మొదటిది టైర్లు వేడెక్కడానికి, రెండోది పరుగు, మూడోది చల్లారడానికి. పరుగు రౌండు ఒక నిమిషం నలభై నాలుగు పాయింట్ రెండు. ఎర్రది పన్నెండూ పదికి వెళ్ళింది. ఒక నిమిషం నలభై ఒకటి. మూడు సెకన్లకి పైగా తేడా. ఇక్కడ అరసెకను తేడా వస్తే పండగ."

"తిరిగి లోపలికొచ్చింది ఎప్పుడు?"

"పన్నెండూ పదిహేడు. కంపెనీ మేనేజర్ చప్పట్లు కొడుతూ వచ్చి, బ్రేకులు కాలిపోతున్నాయి, ఫ్యాను పెట్టాలి అని బండిని తన షెడ్డులోకి తోయించాడు. దుమ్ము పడుతోందని షట్టర్ దించాడు."

"నువ్వు?"

"నోట్సు రాసుకుంటూ కూర్చున్నా. బండి దిగగానే నేనెవరితోనూ మాట్లాడను. మాట్లాడితే పక్కవాడి అభిప్రాయం నా రాతలోకి జొరబడుతుంది. పన్నెండూ ముప్ఫై రెండుకి లేచి ఎడిటరుతో చెప్పాను, ఇవి రోడ్డు మీద నడిపిన టైర్లు కావని. ముప్ఫై ఆరుకి అందరం వెళ్ళి షట్టర్ ఎత్తించాం. రోడ్డుకి బయల్దేరే ముందు ప్రతి టైరు నంబరూ రాసిపెట్టుకుంటాం కదా, వాటితో పోల్చాం. నాలుగూ కలిశాయి. నా మొహం చూడాలి అప్పుడు."

"పంతొమ్మిది నిమిషాలు షట్టర్ కింద," అన్నాడు కొలబద్ద.

బయట కంకర మీద కారు ఆగింది. కాసేపటికి గదిలోకి ముందు వాసన వచ్చింది. తర్వాత మనిషి వచ్చాడు.

అతన్ని సెంటు అంటారు. మూడేళ్ళు కొలబద్ద దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక కంపెనీలకి డిటెక్టివ్‌గా కుదిరాడు. ఎవరు పిలిస్తే వాళ్ళకి కావలసిన నిజం వెతికిపెడతాడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఎర్రకారు కంపెనీ మనిషి.

"గురువుగారూ! మీరింకా ఉన్నారా?"

"ఉన్నాను నాయనా. నిరాశపడకు."

"భలేవారే. మీ ఆరోగ్యం కోసం చెప్తున్నాను, ఈ ఎండలో తిరక్కండి. కేసు అయిపోయింది. నంబర్లు కలిశాయి. ఈవిడకి వయసు మీద పడింది, చేతులకి తేడా తెలియడం లేదు. అందులో తప్పేముంది?"

అత్త లేచింది. "ఒరేయ్, నా పక్క సీట్లో కూర్చో. ఒక్క రౌండు. తర్వాత ఎవరి చేతులు వణుకుతాయో చూద్దాం."

"నాకు పొద్దున తిన్నది ముఖ్యమండీ," అన్నాడు సెంటు నవ్వుతూ, రెండడుగులు వెనక్కి వేసి.

"షెడ్డు చూద్దాం," అన్నాడు కొలబద్ద. "నువ్వూ రా నాయనా. నేనేదైనా మింగేస్తే నువ్వు సాక్షి."

రెండూ ఇరవై అయిదుకి షట్టర్ లేచింది. ఎర్రకారు నిన్నటి నుంచి అక్కడే ఉంది. తలుపులకీ చక్రాలకీ ఎడిటరు అంటించిన కాగితం సీళ్ళు చెక్కుచెదరలేదు. గోడ వారగా రెండు జాకీలు, చక్రాలు విప్పే గాలి గన్ను, ఒక పెద్ద ఫ్యాను. వెనక గోడకి ఒక తలుపు. దాన్ని తోస్తే కంకర పరిచిన పెరడు, కార్లు నిలిపే స్థలం.

కంపెనీ మేనేజర్ చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "చూసుకోండి సార్, బాగా చూసుకోండి. మేం దాచేదేమీ లేదు. మాది మర్యాదగల కంపెనీ."

"షట్టర్ ఎందుకు దించారు?"

"దుమ్ము సార్."

"ఫ్యాను పెట్టి షట్టర్ దించితే వేడి ఎటు పోతుంది?"

మేనేజర్ రుమాలు చేయి మారింది. "వెనక తలుపు తీసి ఉంచాం సార్."

"మంచిది. లోపల ఎంతమంది?"

"నేనూ, మా మెకానిక్కూ. అతన్ని రాత్రే వెనక్కి పంపేశాం. ఇంటి దగ్గర ఏదో పనుందన్నాడు."

కొలబద్ద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు ఎడమ టైరు. టైరు అంచు మీద నుంచి పక్కభాగం మీదికి నిలువుగా నీలం గీతలు, మూడు చోట్ల. గీతల పైభాగం చెరిగిపోయి ఉంది.

"ఇదేంటి?"

"సుద్ద, బాబాయ్," అన్నాడు వెనకే షెడ్డులోకి వచ్చిన మేనల్లుడు. "ట్రాకు మీదికి వెళ్ళే ప్రతి బండికీ నేనే గీస్తాను. మలుపులో టైరు పక్కకి వాలుతుంది కదా, ఎంత వాలితే అంత మేర సుద్ద రోడ్డుకి రాసుకుని పోతుంది. గాలి ఎక్కువో తక్కువో దాన్ని చూసి చెప్తాం. పసుపుదానికి తెల్ల సుద్ద, ఎర్రదానికి నీలం. నిన్న ఈ బండి షెడ్డులోంచి బయటికి రాగానే, పన్నెండూ అయిదుకి గీశాను."

"గీసేటప్పుడు వేరే టైర్లని తెలియలేదా?"

మేనల్లుడు మొహం చిన్నబోయింది. "ఈ కంపెనీ టైర్లలో నేలకి తగిలే వైపు ఒకే గాడులతో రెండు రకాలొస్తాయి. ఒకటి రోడ్డుకి, గట్టి రబ్బరు. ఇంకోటి పందేలకి, మెత్తది. చూపుకి కవలపిల్లలు. గోరు గుచ్చితే తెలుస్తుంది. లేదా నంబరు చదవాలి. నేను వంగి గీతలు గీశాను, నంబరు చదవలేదు. నిన్నట్నించి అదే తలుచుకుని చస్తున్నా."

"తర్వాత చద్దువుగాని. సుద్ద పెట్టె ఎక్కడుంటుంది?"

"బయట అరుగు మీద. ఎవరైనా తీసుకోవచ్చు."

కొలబద్ద టేపు తీశాడు. ఒక్కో గీత ఎంత మేర చెరిగిందో కొలిచాడు. ముందు ఎడమ, పద్ధెనిమిది మిల్లీమీటర్లు. ముందు కుడి, పద్ధెనిమిది. వెనక ఎడమ, పద్ధెనిమిది. వెనక కుడి, పదిహేడున్నర. నాలుగు టైర్ల మీద పన్నెండు గీతలు. పన్నెండూ అన్నదమ్ముల్లా సమానంగా ఉన్నాయి.

అతను లేచి మాట్లాడకుండా పక్క షెడ్డుకి నడిచాడు. వెనకే అందరూ. పసుపుకారు తెల్ల గీతలు కొలిచాడు. ముందు ఎడమ ఇరవై ఆరు. వెనక ఎడమ ఇరవై రెండు. ముందు కుడి పదకొండు. వెనక కుడి తొమ్మిది.

"అత్తా, ఈ ట్రాకులో మలుపులెన్ని?"

"పదకొండు."

"కుడికెన్ని?"

"ఎనిమి..." అత్త ఆగింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత తొడ మీద చరుచుకుంటూ పకపకా నవ్వింది. "ఓరి దేవుడా! ఎనిమిది కుడికి, మూడే ఎడమకి!"

"ఏంటండీ ఆ నవ్వు?" అన్నాడు సెంటు.

"కుడికి తిరిగితే బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది," అన్నాడు కొలబద్ద. "ఎనిమిది కుడి మలుపులు తిరిగిన బండికి ఎడమ వైపు సుద్ద ఎక్కువ పోవాలి, కుడి వైపు తక్కువ. పసుపుదానికి అలాగే పోయింది. ఎర్రదానికి నాలుగు వైపులా సమానంగా పోయింది. అలా పోవాలంటే బండి గాలిలో తిరగాలి. లేదా ఒక మనిషి కూర్చుని, నీలం సుద్ద తెచ్చి గీసి, తడిగుడ్డతో నీటుగా, పక్షపాతం లేకుండా తుడవాలి. మర్యాదగల కంపెనీ కదా. ఏ టైరుకీ అన్యాయం చెయ్యలేదు."

మేనల్లుడు నవ్వు ఆపుకోలేక పసుపుకారు వెనక్కి వెళ్ళిపోయాడు.

మేనేజర్ నవ్వలేదు. "గాలి సమానంగా కొట్టాం సార్, అందుకని..."

"మీరు చెప్పకండి," అన్నాడు సెంటు అతన్ని చేత్తో ఆపి. "గురువుగారూ, సుద్దముక్క పట్టుకుని కోర్టుకెళ్తారా, బడిపంతుల్లాగా? మార్చారనే అనుకుందాం. మెత్తటి టైర్లు నాలుగు. అవెక్కడ? నిన్న ఒంటిగంటకి నేనొచ్చి, ఇరువైపులవాళ్ళ ఎదుట ఈ షెడ్డు, పక్క షెడ్లు, రెండు వ్యాన్లు, చివరికి మరుగుదొడ్డి కప్పు కూడా ఎక్కించి వెతికించాను. ఒక్క చక్రం అదనంగా దొరకలేదు. నాలుగు చక్రాలు జేబులో వేసుకుపోయే వస్తువులు కావు."

"గేటులోంచి బయటికి పోలేదంటావు."

"గేటు పుస్తకం నేనే చదివాను. పన్నెండు నుంచి అయిదున్నర దాకా ఒక్క బండి కూడా బయటికి పోలేదు. అయిదూ నలభైకి మొదటి బండి."

"ఎవరిది?"

"నాది. సాయంత్రమైతే నేను ఇంటికెళ్తాను. మీరు అనుమతిస్తే."

"నిన్న పొద్దున నీకు కారు లేదు కదా. పోయిన నెలే అమ్మేశావని విన్నాను."

"కంపెనీవాళ్ళు ఇచ్చారు." సెంటు ఎర్ర తోలు తగిలించిన తాళాన్ని వేలి చుట్టూ తిప్పాడు. "కస్టమర్లకి చూపించే బండి. అదే మోడల్, అదే రంగు. ఈ పెరట్లోనే ఉండేది. విలువ తెలిసినవాళ్ళు మనిషికి తగ్గ బండి ఇస్తారు, గురువుగారూ. మీరింకా బస్సేనా?"

కొలబద్ద మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ నేల వైపు చూస్తున్నాడు. టైము మూడూ పది.

"బస్సే నాయనా," అన్నాడు కొలబద్ద. "మోకాళ్ళు సహకరించడం లేదు. గేటు పుస్తకం నేనూ ఒకసారి చూడాలి. అక్కడిదాకా దింపుతావా?"

"నడిచి వెళ్ళచ్చు సార్, రెండు వందల గజాలే," అన్నాడు మేనేజర్ గబుక్కున.

"పాపం, పెద్దాయన," అన్నాడు సెంటు. "రండి రండి. జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి బండి ఎక్కాలి."

కొలబద్ద నడుం పట్టుకుంటూ ఆ లోతైన సీట్లోకి దిగాడు. సెంటు స్టార్ట్ చేశాడు. ఇంజను ఒక్కసారి గర్జించింది. అత్త చెప్పింది నిజమే. అరవాలనిపించే చప్పుడే.

"నిన్నట్నించి ఎంత దూరం నడిపావు?"

"రానూ పోనూ ఎనభై కిలోమీటర్లు. నమ్మండి, రోడ్డుకి అంటుకుపోతోంది. మలుపులో పడేసినా జారదు. నాకిన్నాళ్ళూ తెలియలేదు గురువుగారూ, నేనింత బాగా నడుపుతానని."

"నాకూ తెలియలేదు. ఈ పెరట్లో ఒక చుట్టు తిప్పు, సరదాగా."

సెంటు తిప్పాడు. చక్రాల పైన రేకు మీద టపటపా, టపటపా వాన పడ్డట్టు చప్పుడు.

"అదేంటి?"

"నిన్న సాయంత్రం నుంచీ వస్తోంది. ఎక్కడో స్క్రూ వదులైంది. ఎంత గొప్ప బండికైనా ఏదో ఒక లోపం ఉంటుంది."

"ఆపు నాయనా."

కొలబద్ద దిగాడు. ఎడమ వైపు ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. టైరు నిండా కంకర రాళ్ళు. చిన్నవీ పెద్దవీ, బంకలో అద్దినట్టు అంటుకుని ఉన్నాయి. రోడ్డు టైరు కంకర మీద తిరిగితే రాయి రాలిపోతుంది. ఇది ఏరుకుంటోంది. బొటనవేలి గోరు రబ్బరులోకి గుచ్చాడు. దిగింది. తీస్తే అచ్చు అలాగే ఉంది.

భూతద్దం తీసి టైరు పక్కభాగం మీదికి వంగాడు. టైరు కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంది. పైన తడిగుడ్డ పెట్టి తుడిచారు. అక్షరాల సందుల్లోకి గుడ్డ వెళ్ళలేదు. అక్కడ నీలం.

అతను నవ్వడం మొదలుపెట్టాడు. ముందు మెల్లగా. తర్వాత కంకర మీద చతికిలబడి, భుజాలు ఎగరేస్తూ. షెడ్డులోంచి అత్తా మేనల్లుడూ పరుగెత్తుకొచ్చారు. టైమింగ్ గదిలోని కాగితం పట్టుకుని ఎడిటరు వచ్చాడు. మేనేజర్ తలుపులోనే ఆగిపోయాడు.

"ఏమైంది గురువుగారూ? ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు సెంటు.

"బ్రహ్మాండంగా ఉంది. నాయనా, నిన్నట్నించి నువ్వు మరుగుదొడ్డి కప్పులెక్కించి వెతికించిన నాలుగు టైర్ల మీదే ఇంటికెళ్ళి, పడుకుని, లేచి, స్నానం చేసి, సెంటు కొట్టుకుని, వాటి మీదే తిరిగొచ్చావు."

సెంటు వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"అదనపు చక్రాలు దొరకలేదన్నావు. నిజమే, అదనపు చక్రాలు ఎప్పుడూ లేవు. రెండు కార్లు, ఎనిమిది చక్రాలు. పరుగుకి ముందు దీనివి దానికి, దానివి దీనికి. పరుగయ్యాక వెనక తలుపులోంచి మళ్ళీ ఎక్కడివక్కడికి. రెండు జాకీలు, ఒక గాలి గన్ను, ఇద్దరు మనుషులు, పంతొమ్మిది నిమిషాలు. సుద్ద తుడిచి, కొత్త సుద్ద గీసి, దాన్ని కూడా తుడవడానికి టైము మిగిలింది. పోటీలో లేని బండి టైరు నంబరు ఎవడూ చదవడు. నీకెందుకిచ్చారంటావు దీన్ని? పోలీసులొచ్చినా డిటెక్టివ్ కారుని వెతకరు, డిటెక్టివ్ తన కారుని తనే వెతకడు కదా."

మేనల్లుడు అప్పటికే కుడి వైపు టైరు దగ్గర ఉన్నాడు. "బాబాయ్! ఇక్కడా నీలమే! నా గీతే, మూడు చోట్లా!"

సెంటు నిటారుగా నిలబడ్డాడు. కోటు సర్దుకున్నాడు. "ఎడిటరుగారూ, గమనించండి. సాక్ష్యాన్ని నిన్న సాయంత్రం నుంచి నేను భద్రంగా నా దగ్గరే ఉంచాను."

ఈసారి ఎడిటరు కూడా నవ్వాడు. నవ్వి, చేతిలో కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఎక్కడ పడెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. అత్త అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. ఆ మూడో వాక్యాన్ని ఆమె ఎప్పటికీ మరిచిపోదు. మరిచిపోకూడదు కూడా.

మేనేజర్‌ని ఎవరూ పిలవలేదు. తనే వచ్చాడు. కంకర అంచు మీద కూర్చుని రుమాలు మొహాన పెట్టుకున్నాడు.

"కావాలని తేలేదు సార్. కస్టమర్లకి చూపించే బండికి ఆ మెత్తటి టైర్లు వేసి తెచ్చాం, వాళ్ళు మలుపులో హాయిగా ఉందంటారని. నిన్న పదకొండుంబావుకి పసుపుదాని టైము తెలిసింది. ఒకటి నలభై నాలుగు పాయింట్ రెండు. మాకు ప్రాక్టీసులో ఒకటి నలభై ఏడు వచ్చింది. కాళ్ళు చల్లబడ్డాయి."

"ప్రాక్టీసులో నడిపిందెవరు?" అంది అత్త.

"నేనే అమ్మా."

మేనల్లుడు ఆకాశం వైపు చూశాడు.

"నువ్వా!" అంది అత్త. "నువ్వు షెడ్డులోకి బండి పెట్టడం నేను చూశాను. మూడుసార్లు ముందుకీ వెనక్కీ లాగావు. టైము ఎంతయింది?"

"మూడూ నలభై," అన్నాడు కొలబద్ద.

"సీళ్ళు చింపండి. ఎర్రదాన్ని బయటికి తియ్యండి. దాని సొంత టైర్ల మీదే నడుపుతాను."

"ఎందుకత్తా?" అన్నాడు ఎడిటరు. "నువ్వు గెలిచావు. ఇంక రెండు గంటల్లో ప్రెస్సు. మోసం పట్టుబడిందని వేసేద్దాం, కవరు మీద. అమ్మకాలు..."

"నేను మోసాలు రాసే మనిషిని కాదు. రెండు బండ్లలో ఏది మేలో చెప్తానని చదివేవాళ్ళకి మాటిచ్చాను. ఆ అంకె ఇంకా నా దగ్గర లేదు."

పనులు చకచకా జరిగాయి. మేనల్లుడు నాలుగు టైర్ల నంబర్లూ పెద్ద గొంతుతో చదివాడు. ఒక్కొక్కటీ కొలబద్ద పుస్తకంలో టిక్కు పెట్టాడు. గాలి చూశారు. పాత సుద్ద కడిగి, కొత్తగా నీలం గీతలు గీశారు. సుద్ద పెట్టె మేనల్లుడి జేబులోకి వెళ్ళింది. సెంటుని గడియారం దగ్గర కూర్చోబెట్టారు.

"నన్నా?" అన్నాడు సెంటు.

"నువ్వు చూస్తే ఎర్ర కంపెనీకి అన్యాయం జరగదు," అన్నాడు కొలబద్ద. "నీ పక్కన నేను కూర్చుంటే మిగతావాళ్ళకి జరగదు."

నాలుగూ ఇరవైకి అత్త హెల్మెట్ పెట్టుకుంది. ఎర్రకారు బయటికి దూసుకుపోయింది. మొదటి రౌండు నింపాదిగా తిరిగింది. రెండో రౌండు మొదలైంది. గోడకానుకుని మిగతా ముగ్గురు మగవాళ్ళు మెడలు చాచి నిలబడ్డారు. మూడో మలుపు దగ్గర బ్రేకు ఎర్రలైటు పాత చోటే వెలిగింది. ముక్కు కాస్త బయటికి జారింది, సర్దుకుంది. అయిదో మలుపులో మళ్ళీ జారబోయింది. ఆమె పెడలు వదిలి, ముక్కు లోపలికి రానిచ్చి, ఒక్కసారిగా తొక్కింది. బండి రోగం ఎక్కడుందో ఆమెకి మొన్న కొండదారిలోనే తెలుసు. పొడుగు దారి మీదికి రాగానే ఇంజను కూత పెట్టింది. ఆ కూతలో ఇంకో గొంతు కూడా కలిసినట్టు కొలబద్దకి అనిపించింది.

గీత దాటింది.

సెంటు అంకె చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. "గురువుగారూ, మీరు చదవండి."

"ఒక నిమిషం నలభై మూడు పాయింట్ ఆరు," అన్నాడు కొలబద్ద.

మేనల్లుడు పెదవులు కదిలిస్తూ లెక్కేశాడు. "పసుపుది నలభై నాలుగు పాయింట్ రెండు. అంటే ఎర్రదే ముందు. సెకనులో ఆరు పదోవంతులు."

అత్త వచ్చి ఆగింది. మేనల్లుడు పరుగెత్తి సుద్ద కొలిచాడు. ఎడమ ఇరవై ఏడు, కుడి పన్నెండు. ఆమె హెల్మెట్ తీసింది. జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది, మొహం వెలిగిపోతోంది. వయసు ఇరవై రెండంటే నమ్మేటట్టుంది.

"ఏం బండిరా ఇది!" అంది ఎర్రకారు బానెట్ మీద అరచెయ్యి పెట్టి. "మొండిది, కానీ మనసున్నది. దానికి ఏం కావాలో కనిపెట్టి అడిగితే ఇచ్చేస్తుంది. రోడ్డు మీద పసుపుది కొనుక్కోండి, ట్రాకు మీద ఎర్రది. అలాగే రాస్తాను. ఎంతొచ్చింది?"

చెప్పారు. ఆమె తలాడించింది. ఆశ్చర్యపడలేదు.

మేనేజర్ గోడ వదిలి ముందుకొచ్చాడు.

"అంటే... మా బండి గెలిచేదేనా?"

"గెలిచింది," అంది అత్త.

"నేను ముట్టుకోకుండా ఉంటే..."

"నువ్వు ముట్టుకోకుండా ఉంటే నిన్న పన్నెండూ పదిహేడుకే గెలిచి ఉండేది."

ఎడిటరు పెన్ను తీశాడు. "కవరు మీద రెండూ వేద్దాం. మోసం ఒక పక్క, టైము ఒక పక్క. ఒకే సైజు అక్షరాలు."

మేనేజర్ రెండు చేతులూ జోడించి అత్తకి అడ్డంగా వచ్చాడు. "అమ్మా, మోసం వేసుకోండి. నా ఫొటోతో సహా వేసుకోండి. బండి చాలక చేశాడులే అని, నేను కాళ్ళావేళ్ళా పడితే మా కంపెనీవాళ్ళు ఒప్పుకుంటారు. కానీ ఆ టైము వెయ్యకండి. గెలిచే బండిని నేనే దొంగని చేశానని తెలిస్తే నన్ను ఇంకెవడూ దగ్గరికి రానివ్వడు. ఆ ఒక్క అంకె దాచండి. మీ చేతుల్లో పనే కదా."

అత్త అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఆమె నవ్వు అలాగే ఉంది. అందులో అతని వంతు మాత్రం లేదు.

"అది నా టైమూ కాదు, నీ టైమూ కాదయ్యా," అంది. "బండిది. తప్పుకో, చల్లారే రౌండు ఇంకా మిగిలే ఉంది."